ఎంగిలి ముక్క

మా అమ్మ పేకాట ఆడేది. ఈ మాట చెబితే ఇప్పటికీ కొందరు నా వైపు అదోలా చూస్తారు. చూడనివ్వండి. ఏన్కూరు దగ్గర మా ఊళ్ళో ముసురు పట్టిందంటే పొలం పని ఆగిపోయేది, ఆడవాళ్ళంతా మా వసారాలో చేరేవాళ్ళు. పందెం చింతపిక్కలు. అమ్మకి ఒక నియమం ఉండేది. ఎదుటివాళ్ళు పారేసిన ముక్క ఎంత అవసరమైనా ముట్టుకోకూడదు, మూసి ఉన్న కట్టలోంచే తీసుకోవాలి. "ఒకరు ఇడిసిన ముక్క ఎంగిలి. అది మనకెందుకు?" అనేది.

రమ్మీ తెలిసినవాళ్ళు ఇది వింటే నవ్వుతారు. సగం ఆట కింద పడ్డ ముక్కల్లోనే ఉంటుంది మరి. అయినా అన్న ఆ నియమాన్ని పట్టుకున్నాడు. ఓడినా పట్టుకున్నాడు. నేను మాత్రం అమ్మ అటు తిరగగానే కింద ముక్క లాగేసేదాన్ని. అన్న చూసేవాడు. అమ్మకి ఒక్కసారి కూడా చెప్పలేదు.

పెద్దయ్యాక అన్న భద్రాచలం అవతల అడవి పల్లెల్లో బడిపంతులయ్యాడు. బీడీలు చుట్టే తునికాకు కోసే కాలంలో ఆకు కట్టలు లెక్కపెట్టే చోటికి వెళ్ళి నిలబడేవాడు. కొనేవాడు నూటికి నాలుగు కట్టలు ఎక్కువ గుంజితే పిల్లల తల్లిదండ్రుల తరఫున గొడవపడేవాడు. మోసం వాసన తగిలితే ఊరుకోని మనిషి. నన్ను ఇల్లందులో ఇచ్చారు. మా ఆయనకి బస్టాండు వెనక నెట్ సెంటర్ ఉండేది. రెండువేల దశాబ్దం చివరి రోజులవి, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అది ఒకటే గది. ఒకటే తలుపు, కిటికీ లేదు. ఒక గోడకి మూడు మిషన్లు, ఎదురు గోడకి రెండు, మధ్యలో చెక్క అడ్డాలు, ముందు పూల పూల తెరలు. తలుపు పక్కన నా కౌంటరు, దాని కింద నెట్ డబ్బా, వైర్లు. ఎవరు లోపలికి వచ్చినా నన్ను దాటి రావాలి. నేను బయటికి వెళ్ళాలంటే మాత్రం మా ఆయన వచ్చి నా కుర్చీలో కూర్చోవాలి. పొద్దున పదింటికి ఆ కుర్చీలో పడితే చీకటి పడేదాకా నాకు కనిపించేది ఆ తెరల మీది పూలే. పూలంటే అసహ్యం పుట్టింది నాకు.

రిజల్ట్స్ వచ్చినప్పుడు, దరఖాస్తులు పడినప్పుడు గది కిటకిటలాడేది. మిగతా నెలల్లో ఈగలు. అలాంటి ఒక ఖాళీ నెలలో మా ఆయన డబ్బు కట్టి రమ్మీ ఆడే సైటు ఒకటి కనిపెట్టాడు. కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ బల్ల, చుట్టూ ఆరు కుర్చీలు, దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కూర్చుంటారు. ఆటకింతని ముందే కట్టాలి. ఇది జూదం కాదు, నైపుణ్యానికి సంబంధించిన ఆట అని పైన రాసి ఉండేది. మా ఆయన దాన్ని మంత్రంలా నాకు చదివి వినిపించాడు. ఆయనతో పాటు మొదటి షిఫ్టు దిగి వచ్చే బొగ్గు గని స్నేహితులు ఇద్దరు. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి ముగ్గురూ ఒకే గోడకి వరసగా కూర్చునేవాళ్ళు.

మొదట అందులో మోసం లేదు, ఒట్టు. గని క్వార్టర్ల పేకాటలో ఒక ఆనవాయితీ ఉంది. ఆట మధ్యలో ముక్కలు కింద పెట్టేసినవాడు లేచి అందరి వెనక్కీ తిరిగి, అందరి చేతులూ చూడొచ్చు. నోరు మాత్రం విప్పకూడదు. పడినవాడికి కాలక్షేపం కావాలి కదా. ఆ అలవాటునే వీళ్ళు నెట్ సెంటర్‌లోకి తెచ్చారు. ఆట వదిలినవాడు లేచి పక్కవాడి మిషన్ చూసేవాడు. క్వార్టర్ల వసారాలో అయితే ఆడేవాళ్ళంతా అక్కడే ఉంటారు, నోరు విప్పితే వీపు పగులుతుంది. ఇక్కడ మిగతా ముగ్గురు ఏ ఊళ్ళో ఉన్నారో ఎవరికి తెలుసు? వారం తిరిగేసరికి నోళ్ళు విచ్చుకున్నాయి.

"ఇస్పేట్ తొమ్మిది నా తాన ఉంది, దానికోసం చూడకు."

"నాకు ఆటీన్ రాణి ఎయ్యి."

అడగడం, వేయడం. నేను వింటూ కూర్చునేదాన్ని. ఒకరోజు సైటు నుంచి హెచ్చరిక వచ్చింది, ఒకే లైను మీద ఉన్నవాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చోకూడదని. ఆ మర్నాడే మా ఆయన మూడు మిషన్లకి మూడు వేరు వేరు డేటా కార్డులు తెచ్చి పెట్టాడు. నాకు అప్పుడు అర్థమైంది. తెలియక చేసేవాడు డేటా కార్డులు కొనడు.

"ఇది మోసం కాదా?" అని అడిగాను.

"ఏంది మోసం? అటు కూసున్నోళ్ళు గిట్ల ఆడుతలేరని నీకెట్ల తెలుసు? అసలు అటు మనుషులున్నరో, మిషన్లే ఆడుతున్నయో. కోత లేదు, కలిపేటోడు కనపడడు. మనం మనల్ని కాపాడుకుంటున్నం, గంతే."

సెంటర్ కిరాయి ఆ ఆట మీదే గడుస్తున్న నెలలవి. నేను తినే అన్నం కూడా అందులోంచే. అన్నం తింటూ నీతులు చెప్పడం నాకు చేతకాలేదు. చేతకాకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. నేను అదీ చేయలేదు.

రోజూ నాలుగున్నర దాటాక ఆ బల్ల దగ్గరికి ఒకాయన వచ్చేవాడు. పేరు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు, అంతే. బాగా ఆడేవాడు, కానీ ఎక్కడో తేడాగా ఉండేది. అదేమిటో ఈ ముగ్గురు మగ మహారాజులకీ అంతుపట్టలేదు. టీలు ఇవ్వడానికి వెళ్ళి వాళ్ళ వెనక నిలబడి రెండాటలు చూశాను, పట్టేశాను.

"ఆయన కింద ముక్క తీస్కోడు. చూడండి, ఒక్కటి కూడా ముట్టలేదు. మడి కట్టుకున్నడు. ఆయన ముందర ఏ ముక్కైనా భయం లేకుండా పారేయండి" అన్నాను.

మా ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెళ్ళయిన నాలుగేళ్ళలో నన్ను అంత గౌరవంగా చూడలేదు. ఆ రోజు నుంచి ఆ ఆటగాడికి మడాయన అని పేరు పడింది. మడాయన వచ్చిండు, మడాయన పోయిండు. మడాయన కుర్చీకి ముందు కుర్చీ దొరికితే పండగే. నాకు కూడా గర్వంగా ఉండేది, అబద్ధం చెప్పను. ఆ గదిలో నా తెలివి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మీకు తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు. ఎలా తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎంగిలి ముట్టని మనిషి ఈ ప్రపంచంలో మా వసారాలో తప్ప ఇంకెక్కడ ఉంటాడు? ఎదురుగా కూర్చుంటే కళ్ళు, చేతులు కనిపించేవి, తెలిసేది. తెర మీద మనిషి అంటే ఒక కుర్చీ, ఒక పేరు. తెలుసుకోవాలని నాకూ లేదేమో.

బడికి సెలవున్న ఒకరోజు అన్న వచ్చాడు. బస్సు దిగి వచ్చాడు. ఎప్పుడూ బండి మీద వచ్చే మనిషి.

"బండేది అన్నా?"

"షెడ్డుల ఉంది చెల్లె." నా వైపు చూడకుండా చెప్పాడు. చిక్కిపోయాడు. అన్నం తిన్నాడు, ఇంట్లో కాసేపు నడుం వాల్చాడు. నాలుగు దాటాక సెంటర్‌కి వచ్చి ఒక మిషన్ ఖాళీ ఉందా అని అడిగాడు. మెయిలు చూసుకోవాలన్నాడు. మా ఆయన, స్నేహితులు అప్పటికే తమ గోడకి తెరలు వేసుకుని కూర్చున్నారు. అన్నని ఎదురు గోడకి, నా కౌంటరు లైను మీదుండే మిషన్ దగ్గర కూర్చోబెట్టాను.

పది నిమిషాల తర్వాత టీ తీసుకుని తెర పక్కకి జరిపాను. ఆకుపచ్చ బల్ల. కింద అన్న ముక్కలు. వాటి పక్కన ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు.

టీ గ్లాసు కింద పెట్టానో, అన్న చేతికే ఇచ్చానో గుర్తులేదు. అన్న కాస్త సిగ్గుపడి నవ్వాడు. "ఊకె కాలక్షేపానికి చెల్లె. ఈ మధ్య అన్నీ పోతున్నయ్. ఆట మర్చిపోయిన్నేమో. ఇయ్యాల నువ్వున్నవ్ కద, రెండు ఎత్తులు చెప్పు."

నన్ను అడుగుతున్నాడు. ఎత్తులు చెప్పమని నన్ను.

వెనక గోడ నుంచి మా ఆయన గొంతు మెల్లగా వినిపించింది. "మడాయన వచ్చిండు."

కౌంటరు దగ్గరికి ఎలా నడిచానో తెలియదు, పది అడుగులు. మా ఆయన్ని పిలవాలి. పిలిచి ఏం చెప్పాలి? అన్న వింటాడు. అన్నని లేపాలి. ఎందుకని అడిగితే? ఇటు చూస్తే తాళి కట్టినవాడు, అటు చూస్తే తోడబుట్టినవాడు, మధ్యలో నాలుగు గజాల నేల. తేలు కుట్టిన దొంగకైనా పారిపోయే వీలుంటుంది, నాకు అదీ లేదు. వంగి కౌంటరు కింది నెట్ వైరు పట్టుకుని లాగేశాను.

అంతకంటే తెలివితక్కువ పని లేదు. ఆ ముగ్గురివీ డేటా కార్డులు. పోయింది అన్న ఒక్కడి నెట్టే. నెట్ పోయినంత మాత్రాన ఆ ఆట ఆగదు. కాసేపు చూసి, రాలేదంటే ఆ మనిషి ఓడినట్టే లెక్కేస్తుంది. కట్టిన డబ్బు బల్ల మీదే ఉండిపోతుంది.

"చెల్లె, నెట్ పోయింది" అంటూ అన్న తెర తప్పించుకుని బయటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే అవతలి గోడ దగ్గర మా ఆయన గొంతు పెంచాడు.

"మడాయన పోయిండు. ఇక మనదే. నువ్వు ఆ డైమన్ రాజు నాకియ్యి."

అన్న అటు నడిచాడు. తెర జరిపాడు. మూడు మిషన్ల మీదా ఒకటే బల్ల, ఆ బల్ల దగ్గర తన కుర్చీ, వెలిసిపోయిన రంగులో తన పేరు. కట్టలు లెక్కపెట్టిన మనిషి కదా, ఎక్కువసేపు పట్టలేదు. మా ఆయన లేచి నిలబడి "బావా" అన్నాడు. స్నేహితులు తల దించుకున్నారు.

అన్న నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. నా చేతిలో ఇంకా ఆ వైరు ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఆ పేరు ఎవరు పెట్టిండ్రు?"

మా ఆయన పెట్టాడని చెప్పొచ్చు. నమ్మేవాడు. నమ్మాలనే అడిగాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"నేనే" అన్నాను. "నువ్వని తెల్వదన్నా."

"అవ్. తెల్వదు." అన్నాడు. "వేరేటోడైతే మంచిదేనా చెల్లె?"

జేబులోంచి పది రూపాయల నోటు తీసి కౌంటరు మీద పెట్టాడు. గంటకి మేం తీసుకునేది అంతే. వద్దన్నాను, చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. లేచి వెంట పరుగెత్తాలనుకున్నాను. అంతలో ఎవరో కుర్రవాళ్ళు వచ్చి హాల్ టికెట్ ప్రింటు కావాలన్నారు. వైరు మళ్ళీ పెట్టి ప్రింటు తీసిచ్చాను.

బడి వదలగానే రోజూ భద్రాచలం వెళ్ళి నెట్ సెంటర్‌లో ఆడేవాడని, పోయిన డబ్బు కోసం బండి అమ్మేశాడని తర్వాత వదిన చెప్పింది. పోయిందంతా తిరిగి ఇస్తామని ఫోన్ చేస్తే "ఒద్దు" అని ఒక్క మాట అన్నాడు. ఆట మాత్రం ఆ రోజుతో మానేశాడు. మా ఆయన మానలేదు. ఇంకో రెండు నెలలకి సైటువాళ్ళు వీళ్ళ ఖాతాలు మూసేసి, అందులో ఉన్నదంతా ఉంచేసుకున్నారు. ఎవరిని అడగాలో తెలియదు, ఏ ముఖంతో అడగాలో అంతకన్నా తెలియదు. దొంగ సొమ్ము దొరల పాలు. మా ఆయన వారం రోజులు మోసం, మోసం అని తిరిగాడు. నేను నవ్వలేదు. ఆ కుర్చీలోనే ఇంకో ఏడాదిన్నర కూర్చున్నాను, ఆ పూల తెరల్నే చూస్తూ.

ఆ సంగతి జరిగిన తర్వాతి వానాకాలం అమ్మకి ఒంట్లో బాగాలేదంటే అన్నా వదినా, నేనూ మా ఊరు వెళ్ళాం. ముసురు పట్టింది. అమ్మ కాస్త తేరుకుని పేక తీయమంది, చింతపిక్కలు తెమ్మంది. వసారాలో అమ్మ, వదిన, నేను, నా పక్కన అన్న. నా తర్వాత ఆడాల్సింది అన్న. ఏమీ ఆలోచించకుండా కళావర్ ఏడు పారేశాను. అన్న చెయ్యి చాపి దాన్ని తీసుకున్నాడు.

"ఏందిరా, చెల్లె ఇడిసింది తీస్కుంటున్నవ్?" అంది అమ్మ.

"ఇప్పుడు అందరు గిట్లనే ఆడుతున్నరమ్మా" అన్నాడు అన్న, ముక్కలు సర్దుకుంటూ.

చిన్నప్పటిలాగే ఈసారి కూడా నా సంగతి అమ్మకి చెప్పలేదు. మళ్ళీ నా వంతు వచ్చింది. పదమూడు ముక్కలు చేతిలో పట్టుకుని, ఏది పారేయాలో తెలియక అలాగే కూర్చున్నాను.