మిరప ఘాటుకు ఆగిన రెండు లెక్కలు

మేం నలుగురం కలిసి చేసిన చర్చి పాటల క్యాసెట్‌లో, రెండో పాటలో ఒక తప్పుంది. రెండో చరణం అవగానే పల్లవి ఎత్తుకోవాలి. కానీ అక్కడ తాళంలో రెండు లెక్కలు ఖాళీ. ముప్పై ఏళ్ళ కింద గుంటూరులో ఒక మిరపకాయల గోడౌను పైగదిలో రికార్డు చేశాం. కింద టిక్కీలు, అదే మిరప బస్తాలు, విప్పారేమో, ఘాటు పైకి కొట్టింది. మా డ్రమ్మరు సరిగ్గా అక్కడే తుమ్మాడు. వాడి డ్రమ్ము పుల్లలు గాల్లో ఆగిపోయాయి, బిక్కచచ్చి మిగతా ముగ్గురమూ ఆగాం. మళ్ళీ వాయిద్దామంటే ఆ గది అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. తుమ్ము తీసేశారు గానీ ఖాళీ అలాగే ఉండిపోయింది.

నేను రైల్వే క్వార్టర్స్‌లో ఒక ముసలి గార్డుగారి దగ్గర జాజ్ గిటార్ నేర్చుకున్నవాణ్ణి. ఆ జాజ్ బాణీలన్నీ తెచ్చి మన చర్చి పాటల్లో పోశాను. "ఈ వంకర రాగాలేంటయ్యా?" అని మా పాస్టరుగారు మూతి ముడిచారు. ముడిస్తే ముడిచారు! ఆ క్యాసెట్‌లోని ఎనిమిది పాటలూ సత్తెనపల్లి నుంచి వినుకొండ దాకా పాకాయి. పత్తి తీసే ఆడవాళ్ళు కూడా పాడుకున్నారు.

కిందటేడు సత్తెనపల్లి చర్చివాళ్ళు ఆ క్యాసెట్ మొత్తం, మొదటి పాట నుంచి చివరిదాకా, పాత నలుగురే వచ్చి వాయించాలన్నారు. వినుకొండ, మార్టూరు వాళ్ళు కూడా మాకూ కావాలన్నారు. బేస్ గిటార్ వాయించేవాడు ఇప్పుడు మిర్చి యార్డులో వ్యాపారి, కీబోర్డువాడు సంగీతం మాస్టారుగా రిటైరయ్యాడు. ఇద్దరూ సరేనన్నారు. డ్రమ్మరు కోసం మార్టూరు వెళ్ళాను. అక్కడ గ్రానైట్‌కి పాలిష్ పట్టే యూనిట్లో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాడు.

"ఏరా!" అని వెనకనుంచి కేకేశాను. తిరగలేదు. భుజమ్మీద చెయ్యేస్తే తిరిగి, నా నోటి వంక చూశాడు.

"అరవకురా, ఎంత అరిచినా అంతే. ఈ మిషన్లు చెవులు తినేశాయి. నిదానంగా చెప్పు, మూతి చూసి తెలుసుకుంటా," అన్నాడు.

అయినా రమ్మన్నాను.

మొదటి రిహార్సల్ ఘోరం. మేమొక దారి, వాడొక దారి. కీబోర్డు మాస్టారు విసుక్కుని, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. రిథమ్ మిషన్ పెడదాం, బటన్ నొక్కితే అదే వాయిస్తుంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎక్కితే నలుగురం స్టేజీ ఎక్కుతాం, లేదంటే నా గిటార్ అటకెక్కుతుంది!"

డ్రమ్మరు మా మూతులు చదివేశాడు. లేచి, "వాడన్నది నిజమేరా, నన్నొదిలేయండి," అన్నాడు.

"నోర్మూసుకుని కూర్చో!" అన్నాను.

కూర్చున్నాడు. నేను పట్టు పడితే విడవనని వాడికి తెలుసు.

బేస్ స్పీకర్‌ని వాడి కాళ్ళ కింద పడుకోబెట్టాం. చెప్పులు విడిచి, ఆ అదురు పాదాలతో పట్టుకున్నాడు. తాళం కోసం నా కుడికాలు చూస్తూ ఉండమన్నాను. నెలన్నర అలా సాధన చేశాం. నా మోకాలు వాచిపోయింది, మానలేదు. మాస్టారు ఒక్కటే షరతు పెట్టాడు: రెండో పాటలో ఆ తుమ్ము తప్పు దిద్దాలి. దిద్దాం. ఖాళీ తీసేసి డ్రమ్మరుకీ నేర్పాం.

సత్తెనపల్లిలో ఆ సాయంత్రం చర్చి ఆవరణంతా జనం. మొదటి పాట నల్లేరు మీద బండిలా సాగింది. రెండో పాటకి అందరూ చప్పట్లు అందుకున్నారు. రెండో చరణం అయింది. అనుకున్నట్టే మేం ముగ్గురం పల్లవిలోకి దూకాం.

వాడు దూకలేదు. పుల్లలు గాల్లో ఆగాయి.

అయ్యో, మునిగాం అనుకున్నాను. మాస్టారు నా వైపు కొరకొరా చూశాడు. నేను కాలు దబదబా కొట్టాను. వాడు నా కాలు చూడటంలేదు, ఎదురుగా జనాన్ని చూస్తున్నాడు. నేనూ చూశాను. ఒక్క గొంతూ లేవలేదు. ముప్పై ఏళ్ళుగా క్యాసెట్‌లో విన్నట్టే, చప్పట్లు కొట్టే చేతులన్నీ గాల్లోనే ఆగి ఉన్నాయి. రెండు లెక్కలు గడిచాక ఆ చేతులు, వాడి పుల్లలు ఒక్కసారే దిగాయి. ఊరంతా పల్లవి ఎత్తుకుంది. ముందు దూకిన మేం ముగ్గురం సిగ్గుతో వెనక్కొచ్చి వాళ్ళని కలుసుకున్నాం.

స్టేజీ దిగాక వాణ్ణి అడిగాను. "నా కాలు చూడమన్నాను కదరా?"

"చూశా. జనం చేతులూ చూశా. నాకైతే చెవుల్లేవు, మీకేమైందిరా?"

మాస్టారు వాడి ఎదురుగా వెళ్ళి, మూతి కనపడేలా నిలబడ్డాడు.

"వినుకొండలో కూడా అక్కడ ఆగుదాం. ఎప్పుడు ఎత్తుకోవాలో నువ్వే చూపించు."

"ఏంటీ? మళ్ళీ చెప్పు," అన్నాడు వాడు.

మాస్టారు మళ్ళీ చెప్పాడు. వాడికి మొదటిసారే అర్థమైందని నాకు తెలుసు.