అత్త వదలని పథ్యం

పోయిన నెల అనంతపురం ఆస్పత్రి నుంచి నా భర్త ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. వచ్చింది మామూలు జ్వరమే. దాన్ని తట్టుకునే రక్తం మా అత్త ఒంట్లో లేదట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మీతో చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఆ కోపం ఇంకా పోలేదు.

కంబదూరు దగ్గర మాది మెట్ట సేద్యం. వాన పడితే వేరుశనగ, పడకపోతే దుమ్ము. మా పాపకు మూడేళ్లప్పుడు ఉబ్బసం మొదలైంది. ఛాతీలో పిల్లికూతలు విన్న రోజే అత్త పథ్యం మొదలుపెట్టింది. అరటిపండు చలువ, పెరుగు కఫం, గుడ్డు వేడి, శనక్కాయలు దగ్గు. ఇంట్లో మూటల కొద్దీ కాయలున్నా పాపకు మాత్రం చారన్నమే.

పాపను బడిలో చేరిస్తే అక్కడికీ వెళ్లింది. "సారూ, మా పాపకు గుడ్డు పెట్టొద్దు, చిక్కీ ఇయ్యొద్దు. ఆయాసం బిడ్డ" అని చెప్పి వచ్చింది. సాయంత్రం పాప గడప దాటగానే గడ్డం పట్టుకుని "ఏదీ, నోరు తెరు" అని వాసన చూసేది. బెల్లం వాసన వచ్చిందో, ఆ పూట నాకు తిట్లు.

అలాగని ఆమెతో గట్టిగా పోట్లాడనూ లేకపోయేదాన్ని. పాపకు ఆయాసం వస్తే రొమ్ముకు ఆనించుకుని కూర్చునేది. తగ్గేదాకా కాలు కూడా కదిపేది కాదు. అంత ఓపిక నాకు లేదు. ఆ రుణం ఎప్పటికీ ఉంటుంది.

ఒకసారి పాప రక్తపరీక్ష చూసి పిల్లల డాక్టరమ్మ నా మీద కేకలేసింది.

"ఐరన్ లేదు, జింక్ లేదు. ఏం పెడుతున్నారీ పిల్లకు?"

అత్త పథ్యం సంగతి చెప్పాను.

"వీటిలో ఏది తిన్నా దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చిందా?"

రాలేదన్నాను. బడిలో దొంగచాటుగా తిన్న చిక్కీకి కూడా ఏమీ కాలేదు.

"మరెందుకు మాన్పించారు? తిండితోనే ఉబ్బసం పోతుందని చెప్పను, ఇన్‌హేలర్ మానొద్దు. కానీ ఒంట్లో సత్తువ లేకపోతే ప్రతి జలుబూ పిల్లను పడేస్తుంది."

ఆ రోజు నుంచి రాగి సంగటి, మునగాకు, గుడ్డు పెట్టాను. పాప కాస్త తేరుకుంది. కల్లంలో కాయలు రాల్చే రోజుల్లో దుమ్ముకు మళ్లీ ఆయాసం వచ్చింది.

"చూస్తివా? నేను చెప్పలా?"

"అది దుమ్ము అత్తా, గుడ్డు కాదు!"

"సదువుకున్నెదానివి, అన్నీ నీకే తెలుసులే."

ఒకరోజు అత్త పెరట్లో తల తిరిగి కూలబడింది. ఆస్పత్రిలో మళ్లీ అదే మాట, రక్తం లేదు. పాపకు మాన్పించినవన్నీ మొదటి రోజు నుంచీ తానూ మానేసిందని నాకప్పుడు తెలిసింది.

"నీకేమి రోగం అత్తా, నువ్వెందుకు తినవు?" అని అరిచాను.

"బిడ్డకు లేంది నా గొంతులో యాడ దిగుతాది? మొక్కుకున్నా. దానికి పూర్తిగా నయమైతేనే తింటా."

"ఇప్పుడు పాప తింటాంది కదా!"

"నయం కాలేదు గదా."

ఇది ఒక్కరోజులో పోయే జబ్బు కాదని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. బతిమాలాను, తిట్టాను. ఐరన్ మాత్రలు చేతిలో పెడితే కొంగున ముడేసుకునేది. ఇలాంటి మనిషిని ఏం చేయాలో మీరైనా చెప్పండి.

దినం రోజు ఆకులో ఆమెకు ఇష్టమైనవి పెట్టాలి. ఏం ఇష్టమో నాకు తోచలేదు. ఇన్నేళ్లూ చారన్నమే తిన్న మనిషి. "కాల్చిన శనక్కాయలు, బెల్లం అంటే ప్రాణం" అన్నాడు నా భర్త. అవే పెట్టాం.

పాప బడిసంచిలోంచి చిక్కీ తీసి, సగం ఆకులో పెట్టి సగం నమిలింది. నాయనమ్మ ఫోటో ముందుకు పోయి గడ్డం పైకెత్తి నోరు బార్లా తెరిచింది.

"జేజీ, చూడు, తినేసినా. నువ్వూ తిను."

వాసన చూసేదాకా మూయకూడదన్నట్టు, అలాగే నోరు తెరుచుకుని నిలబడింది.