మాల్టా బండ

మా బాపు బోధన్‌లో మొజాయిక్ నేలలు వేసే మేస్త్రి. ఆయనకు డిజైన్లు గీసిచ్చేది నేను. పదో తరగతిలో ఉన్న నాకంటే బాగా బొమ్మలు వేసేవాళ్ళు ఊళ్ళోనే లేరని నా గట్టి నమ్మకం. ఆ పొగరే నన్ను ఆ ఇంటికి తీసుకుపోయింది.

రుద్రూర్ రోడ్డు మీద కొత్త ఇల్లు కడుతున్న అన్న లిబియాలో పనిచేసి వచ్చాడు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోయి ఒక్కడే తిరిగొచ్చాడు. చిన్నోడికి సెలవు దొరకలేదని తల్లికి చెప్పాడు. లిబియాకు విమానాలు బందైన ఏళ్ళవి. అక్కడి మనవాళ్ళు ఓడెక్కి మాల్టా అనే దీవికి వచ్చి, అక్కణ్నుంచి విమానం పట్టుకునేవాళ్ళు. ఆ అన్న మాల్టాలో రెండు రోజులు ఆగాడట. ఊరంతా తేనె రంగు రాతి కట్టడాలట, గోడలకు పెట్టెల్లా అతికించిన రంగురంగుల చెక్క బాల్కనీలట. బయటికి మోటు కోటలా కనిపించే ఒక పెద్ద చర్చి లోపల మాత్రం బంగారుమయమట. ఆ చర్చి నేల ఫోటో ఒకటి తెచ్చాడు. రంగు చలవరాళ్ళు కోసి పొదిగిన బండలు, వాటి మీద కిరీటాలు, సింహాలు, కింద నాలుగు వరుసల అక్షరాలు. అలాంటి పనితనం బాపు ఎన్నడూ చూడలేదు. అందులో ఒక బండను అచ్చం అలాగే హాలు నడుమ వేయమన్నాడు ఆ అన్న.

నేను ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు కొట్టి, ఒక్కో గడినీ సిమెంటు సంచి కాగితం మీద పెద్దది చేస్తూ పోయాను. అక్షరాల పైని గళ్ళలో తెల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. చెంబనుకున్నాను. ఒక గడిలో రెండు గుంటలు వచ్చాయి. పక్క గడిలో పళ్ళు వచ్చాయి. బయట రోడ్డు మీద చెరుకు బండ్లు పోతున్నాయి, పట్టపగలు, అయినా నాకు భయమేసింది.

కొత్త ఇంట్లో పుర్రె ఏమిటని అడగడానికి బాపు నన్ను తీసుకుని ఆ అన్న దగ్గరికి పోయాడు. ఆయన ఏమీ దాచలేదు. ఆ చర్చి నేలంతా సమాధులేనట, ఒక్కో బండ కింద ఒక్కో వీరుడు ఉన్నాడట. తమ్ముడు లిబియాలో గోడ కూలి మీద పడి చనిపోయాడని, తెచ్చే దారి లేక అక్కడి ఇసుకలోనే పెట్టి వచ్చానని, పైన ఒక రాయి కూడా లేదని చెప్పాడు.

"పుర్రె తీసెయ్యి మేస్త్రీ, గాడ కలశం పెట్టు. కిందున్న రాత మాత్రం ఉండనియ్యి. మా అవ్వకు ఎర్కయితే బతకది."

బాపు సరేనన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏ తల్లయినా కొడుకు సమాధి మీద కూర్చుని ఆ కొడుకు కోసమే ఎదురుచూస్తుందా? అయినా గీశాను. బాపు ఇత్తడి పట్టీల మధ్య రంగు రాళ్ళు పోసి, వారం రోజులు నేలను అరగదీశాడు. తడిసినప్పుడల్లా ఆ అక్షరాలు నల్లగా పైకి తేలేవి. పని జరిగినన్ని రోజులూ నేను వాటి చుట్టూ తిరిగే పోయాను.

అవ్వ రోజూ వచ్చి చూసేది. చిన్నోడు వచ్చాక వాడి మంచం ఎటు వేయాలని నన్నే అడిగేది. నేను ఏదో ఒక మూల చూపించేదాన్ని. ఆమె ఆ మూలను కాక నా ముఖాన్నే చూసేది.

గృహప్రవేశం రోజు వచ్చినవాళ్ళంతా ఆ బండ మీద నిలబడి బాపు పనిని మెచ్చుకున్నారు. అవ్వ మాత్రం గోడ పట్టుకుని చుట్టూ తిరిగి వస్తోంది. పెద్దకొడుకు పాలగిన్నెతో పక్కనే ఉన్నాడు. కొత్త నేలకు భయపడుతోందనుకుని నేను చేయి అందించాను. జారదు అవ్వా, తొక్కు అన్నాను.

"నువ్వెన్నడన్న తొక్కినవా బిడ్డా?" అంది మెల్లగా. "నేనెట్ల తొక్కుత? నా చిన్నోడు పండుకున్నడు గదా."