మాటలు లేని పగ

పోయిన వారం మా తమ్ముడు నా ఫోనుకు ఒక పోస్టరు పంపాడు. తను తీసిన పద్దెనిమిది నిమిషాల సినిమాను కర్నూలులో కొంతమందికి చూపిస్తారట. పోస్టరు కింద ‘కథ, మాటలు’ అని వేసి పక్కన నా పేరు పెట్టాడు. ఆ సినిమాలో ఒక్క మాట కూడా లేదు. పోనీ, ఎగతాళికి పెట్టాడనుకుందామంటే వాడు అలాంటివాడు కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నేను యెమ్మిగనూరులో తెలుగు పంతులుగా చేసి రిటైరయినవాణ్ణి. బడి వార్షికోత్సవాలకు నాటకాలు రాసి, చప్పట్లకు అలవాటుపడ్డ ప్రాణం. తమ్ముడికి ఆదోనిలో ఫొటో స్టూడియో. పెండ్లి వీడియోలు తీస్తాడు. చుట్టాల్లో నేను కవిని, వాడు కెమెరావాడు. ఆ వరస నాకు ముప్పై ఏళ్లు సుఖంగా సాగింది. అలాంటిది ఒకరోజు వాడొచ్చి, “అన్నా, మన ఇంటి కథ తీస్తాను, నువ్వు రాసియ్యి” అన్నాడు.

మా ఇంటి కథ ఆస్పరి పక్క పల్లెల్లో పెద్దవాళ్లందరికీ తెలిసిందే. పొలం గట్టు తగాదాలో మా తాతను దాయాదే చంపాడు. మా నాయనమ్మ, మేం జేజి అనేవాళ్లం, ఆ దాయాది ఇంటివైపున్న వాకిలిని రాళ్లతో మూయించి, పెద్దకొడుకును పగ కోసమే పెంచింది. ఆ కొడుకు, అంటే మా పెదనాన్న, పగ తీర్చి జైలుకు పోయి అక్కడే కన్నుమూశాడు. జేజి శపథాన్ని నేను ఒకటిన్నర పేజీ రాశాను, ప్రాస తప్పకుండా. ఊపిరి తీసుకోకుండా చదివితే ఎవరికైనా ఒళ్లు జలదరించాల్సిందే. అలా చదవడం నావల్ల కూడా కాలేదనుకోండి.

జేజి వేషం వేసింది మా ఊళ్లో పత్తి చేలకు కూలికి పోయే ఒకామె. నాలుగుసార్లు చెప్పి చూసి, “ఈ మాటలు నా నోట్లో తిరగవు సార్. ఊరికే సూస్తే సాలదా?” అంది. తమ్ముడు సరేనన్నాడు. నేను అలిగి బస్సెక్కి వచ్చేశాను.

నెల తర్వాత స్టూడియోలో నాకు సినిమా చూపించాడు. వాకిలిని రాళ్లతో మూస్తుంటే లోపల ఒక చిన్నపిల్ల. ఒక్కో రాయి లేచేకొద్దీ ఆమె ముఖం మీది వెలుగు తగ్గుతుంది. తర్వాత ఆ గోడకే కొడుకును నిలబెట్టి, ఏడాదికోసారి జేజి వాడి ఎత్తుకు బొగ్గుతో గీత గీస్తుంది. గీత మూసిన వాకిలి ఎత్తుకు చేరిన రోజు బొగ్గు కింద పెట్టి, చూరులోంచి కొడవలి తీసి వాడి చేతిలో పెడుతుంది. అంతే. తెలుగు చదువుకున్నది నేను. ఆ బొగ్గుగీత నాకెందుకు తట్టలేదు?

“ఎట్లుందన్నా?” అన్నాడు.

“బాగానే ఉంది,” అన్నాను.

సినిమాలోని ఆ చిన్నపిల్ల మా మేనత్త. అప్పటివాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే, నా దగ్గరే ఉంటుంది. ఆదివారం వచ్చి అత్తకు చూపిస్తానని తమ్ముడు ఫోను చేశాడు. చూస్తే అత్త ఏడుస్తుంది, వాణ్ణి మెచ్చుకుంటుంది. అది నా కళ్లముందు, నా ఇంట్లో జరుగుతుంది. “అత్త ఒద్దంటాందిరా. పాతవి కెలకొద్దంట,” అనేశాను. అత్త అప్పుడు వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తమ్ముడు సినిమాను లోపల పెట్టేశాడు. ఆమె మనసు నొచ్చుకుంటుందని ఇంకెవరికీ చూపలేదు.

రెండేళ్లు గడిచాయి. ఈలోగా అత్తకు నీటికాసులు ముదిరి చూపు పోయింది. ఇక రాదని డాక్టరు చెప్పాడు. ఊరినుంచి వచ్చినవాళ్లెవరో చెప్పగా విని, ఒకరోజు ఆమే అడిగింది: “మీ తమ్ముడు మన ఇంటి సినిమా తీసినాడంట. నాకు సూపీలేదేమప్పా?”

తమ్ముణ్ణి పిలిపించాను. వాడు లాప్‌టాప్ తెరుస్తూ, “నువ్వే గదత్తా ఒద్దన్నది,” అన్నాడు.

“నేనెందుకంటాను?”

తమ్ముడు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

సినిమా మొదలైంది. మాటల్లేవు గనక అత్త పక్కన కూర్చుని నేను చెప్పాల్సి వచ్చింది. రెండు వాక్యాలు చెప్పానో లేదో, “నువ్వు గమ్మునుండు,” అంది. రాయిమీద రాయి పడే చప్పుడు వింటూ కూర్చుంది. చప్పుడు ఆగాక తమ్ముడి చెయ్యి తడిమి పట్టుకుని, “నిజమప్పా. మాయమ్మ ఆ పొద్దు ఒక్క మాట గూడా అనలేదు,” అంది.

తమ్ముడు టీ తాగి, చెప్పులు వేసుకుంటూ, “అత్తకు మందులు టయానికి ఎయ్యన్నా,” అని ఆదోని బస్సుకు వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకూ నాలుగు మాటలు దొరికేవి.

ఆ రెండేళ్లు నాకు ఇట్టే దొర్లిపోయాయి. అత్త కళ్లకు మిగిలినవి ఆ రెండేళ్లే.