మెట్ల మీద నిలబడ్డ అమ్మ

గోడలకు చెవులుంటాయని లోకమంతా అంటుంది. సవర అమ్మాసిని అడిగితే ఆకలి కూడా ఉంటుందంటాడు. అలాంటి మనిషికి దొరికిన బతుకుతెరువేమో ఇళ్ళకు రంగులు వేయడం. సీతంపేట కొండల్లో ఒక సవర గూడెంలో పుట్టి, మీసం మొలవగానే మేస్త్రీ వెంట రైలెక్కి మద్రాసు వచ్చాడు. ఇప్పుడు ఆ మీసం నెరిసింది. షోళింగనల్లూరులో లేచిన మేడలకు లోపలా బయటా రంగులు పూసిన చేతులు అవి. ఉండేది మాత్రం వాషర్‌మెన్‌పేటలో, రాజలక్ష్మమ్మ గారి మిద్దె మీది గదిలో. పెళ్ళీ పెటాకులూ లేవు.

రాజలక్ష్మమ్మది పప్పుల టోకు వ్యాపారం చేసిన పాత కుటుంబం. భర్త చెంగయ్య పోయాక అంగడి కొడుకులు చూసుకుంటున్నారు, ఇల్లు ఆమె చూసుకుంటోంది. నోరు పెద్దది. చెయ్యీ పెద్దదే, పండగపూట మిద్దె మీదికి వడలు పంపకుండా తాను తినదు.

పోయిన వానాకాలం కొండ మీద అమ్మాసి తల్లి చనిపోయింది. వాళ్ళ గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. పోయినవాళ్ళు దిక్కులేక తిరక్కుండా, ఏడాది లోపల గోడ మీద వాళ్ళకొక ఇల్లు వేయాలి. ఎర్రమట్టి అలికిన గోడ మీద, నలగ్గొట్టిన వెదురు పుల్లను బియ్యప్పిండి నీళ్ళలో ముంచి నాలుగు పక్కలా గీత గీస్తే అదే ఇల్లు. అందులో చెట్లు, నెమళ్ళు, కోతులు, సూర్యుడు, చంద్రుడు, డప్పులు కొట్టేవాళ్ళు. పోయిన మనిషి కలలోకి వచ్చి ఏది అడిగితే అదీ వేయాలి. ఒక ముసలాయన విమానం అడిగాడట, వేశారు. అంతా అయ్యాక అన్నం, కల్లు పెట్టి పిలిస్తే వాళ్ళొచ్చి అందులో ఉంటారు.

ఈ పని నిజానికి అన్న కాటయ్యది. కానీ కాటయ్య పాత మట్టిల్లు తీసేసి స్లాబు వేసుకున్నాడు, చర్చిలో ప్రార్థనకు కూడా పోతున్నాడు. "నా గోడ మీద వొద్దురా తమ్ముడూ, నీకు మనసుంటే నువ్వే ఏసుకో" అని ఫోనులో మెల్లగానే చెప్పాడు. ఏడాది దగ్గర పడుతోంది. తల్లి ఏ గట్టు మీద తిరుగుతోందో అని తలచుకుంటే అమ్మాసికి ముద్ద దిగేది కాదు. ఒక ఆదివారం పొద్దున జేగురు ఎర్రమట్టి కొనుక్కొచ్చి గది గోడకు పూశాడు. పరంజా వెదురు బద్ద చీల్చి కుంచె చేసుకున్నాడు. సాయంత్రానికి ఇల్లు లేచింది. చింతచెట్టూ నెమళ్ళూ అయ్యాక, తల్లి బతికుండగా చూడని సముద్రాన్నీ, తిరువొత్తియూరు మీదుగా పోయే లోకల్ రైలునీ కూడా వేశాడు. అన్నం పెట్టి, కల్లు దొరకదు గనక షాపు మందే ఇంత ఒలికించి, రమ్మని పిలిచాడు.

కలలోకి తల్లి వచ్చింది గానీ గదిలోకి రాలేదు. నల్లగొడుగు చంకన పెట్టుకుని మిద్దె మెట్ల మీద నిలబడింది. "ఎవలింటికి పిలిసినావురా నన్ను? ఇంటామె రమ్మనలేదు" అంది.

అమ్మాసి లేచి తల కొట్టుకున్నాడు. కొండ మీద వెదురు నరకాలంటే కొండనడగాలి. తొలి మామిడికాయ కొయ్యాలంటే చెట్టుకు మొక్కాలి. ఇంత తెలిసినవాడు, ఊరివాళ్ళ గోడలన్నీ పూసీ పూసీ, ఏ గోడైనా తనదే అన్నట్టు చెయ్యి అలవాటు చేసుకున్నాడు. కలలో చూసింది వేయక తప్పదు గనక, ఇంటి గీతకు బయట మెట్లు గీసి, మెట్ల మీద గొడుగుతో తల్లిని వేశాడు. ఇక రాజలక్ష్మమ్మను అడగాలి. ఆమె కాదంటే తల్లి అక్కడే ఉండిపోతుంది. రోజూ ఆమె ముందు నుంచే పోతూ వస్తూ, ఆ మాట మాత్రం రేపటికి వాయిదా వేస్తూ పోయాడు.

చివరికి ఆమే పిలిచింది. మనవరాలు ప్రణతి సీమంతం ఈ ఇంట్లోనే.

"అమ్మాసీ, ఇల్లంతా రంగు వేసెయ్యిప్పా. మిద్దె మీద నీ రూముకు కూడా. చుట్టాలొస్తే ఆడనే పండుకోవాల."

అమ్మాసి చేతులు కట్టుకున్నాడు. "అమ్మగారూ, ఆ గదిలో ఒక గోడ ఒగ్గీయండి. మా అమ్మకి ఇల్లేసినాను. మిమ్మల్ని అడక్కుండా ఏసీసినాను, తప్పయిపోనాది" అని, పోయినవాళ్ళకు ఇల్లు వేసి అన్నం, మందు పెట్టి పిలిచే తమ కట్టుబాటు చెప్పాడు.

రాజలక్ష్మమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "ఏందీ, చచ్చిపోయిన మనిషిని తెచ్చి నా మిద్దె మీద కాపరం పెట్టినావా? అడగందే అమ్మయినా పెట్టదంటారు, నువ్వు అడక్కుండానే అమ్మకు ఇల్లు కట్టేసినావే. కడుపుతో ఉండే పిల్ల తిరిగే ఇల్లు ఇది. తుడిచెయ్. మొదట ఆ గోడే తుడిచెయ్."

అమ్మాసి ఎదురు చెప్పలేదు. అడిగాక కాదంటే కాదు, అదీ కొండ నేర్పిందే. బకెట్టూ, గోడ గీకే ఉప్పుకాగితమూ పట్టుకుని మిద్దెక్కాడు. గోడ ముందు నిలబడితే కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. ఇంతలో వెనక నుంచి, మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడుతూ రాజలక్ష్మమ్మ వచ్చింది.

"ఉండు. ఏం తుడుస్తా ఉండావో చూడనీ."

చెట్లనూ నెమళ్ళనూ చూసింది. రైలును చూసి నవ్వు ఆపుకుంది. "మీ అమ్మ ఏదిప్పా? మా ఆయన ఫోటోలో ఆయన ఉండాడు. ఈడ ఇల్లుంది, మనిషి లేదే."

"లోపల లేదమ్మగారూ. ఇదిగో, బయట." మెట్ల మీది గొడుగు మనిషిని చూపించాడు.

"బయటెందుకు?"

"మీరు రమ్మనలేదు గదా. ఇంటోలు పిలవందే మావోలు లోపలికి రారు."

రాజలక్ష్మమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి, గడప దగ్గరికి వచ్చిన ఆడమనిషిని నిలబెట్టి పంపింది లేదు. కూరగాయల గంపామె కూడా కూర్చుని మజ్జిగ తాగాకే పోయేది. ఈ ముసలామె ఎన్నాళ్ళ నుంచి అట్లా నిలబడి ఉందో అనుకుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంది. కొంగు భుజం మీదికి సర్దుకుని గోడ వైపు తిరిగింది.

"ఏమ్మా, వచ్చిన మనిషివి మెట్ల మీదే నిలబడితే ఎట్లా? రా, లోపలికి రా."

అమ్మాసి చేతిలోని ఉప్పుకాగితం కింద పడింది. తీయలేదు. తల్లిని ఇంటి లోపల వేయడానికి బియ్యం నానబెట్టాలని అతను గిన్నె వెతుకుతుంటే, గుమ్మం దాకా పోయిన రాజలక్ష్మమ్మ ఆగింది.

"మందు వాసన మాత్రం కిందికి రాకూడదు, చెప్తా ఉండా. కాఫీ తాగుతాదా మీ అమ్మ?"

"తాగుతాదమ్మగారూ. పంచదార ఎక్కువుండాలి."

"సరే" అని ఆమె మెట్లు దిగింది. ఎప్పుడూ మధ్యన కాళ్ళీడ్చుకుంటూ దిగే మనిషి, ఆ పూట గోడకు ఒదిగి, ఎదురొచ్చేవాళ్ళకు దారి ఇచ్చుకుంటూ దిగింది.