పడవెక్కని మడిమూట

పడవలో షికారు వెళ్ళాలనుకునేవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికొచ్చి సలహా అడుగుతూ ఉంటారు. నేను సరదా కోసం పడవెక్కింది జన్మలో రెండుసార్లే, అదీ నాలుగేసి రోజులు. అయినా అడిగినవాళ్ళకి సలహా లేదని పంపే అలవాటు మా ఇంటావంటా లేదు కనక ధారాళంగా చెబుతాను. సామాను తగ్గించుకోండి. గూడు కింద నీడ ఏ పక్క పడుతుందో చూసుకుని ముందే చోటు పట్టుకోండి. మూడు రోజుల ప్రయాణం అనుకుంటే నాలుగు రోజుల బట్టలు పెట్టుకోండి. ఇవన్నీ మగవాళ్ళకి కూడా చెబుతాను. ఆఖరి సలహా మాత్రం గొంతు తగ్గించి ఆడవాళ్ళకే చెబుతాను: ఒక ముఖ్యమైన వస్తువు ఇంటి దగ్గర మరిచిపోండి.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. దేశానికి స్వతంత్రం వచ్చి నాలుగైదేళ్ళయింది గానీ మా వంటింటిదాకా ఆ కబురు ఇంకా చేరలేదు. మా ఊరు కొత్తపేటకి దగ్గర, కాలవగట్టు మీద. నాన్నగారు స్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో నాన్నగారు, అమ్మ, నాయనమ్మ, నేను. నాయనమ్మ మడి గురించి చెప్పాలంటే, మా ఇంటి మీదుగా ఎగిరే కాకులు కూడా కాస్త పక్కకి తప్పుకునేవి. ఆవిడ తినే అన్నం అమ్మ తెల్లవారకుండా స్నానం చేసి, మడిచీర కట్టుకుని, ఎవరినీ తాకకుండా వండితేనే. పెళ్ళయి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ అమ్మకి అదే వరస. నెలకి మూడు రోజులు బయట కూర్చునేది కదా, అది సెలవే కదా అంటారేమో. ఆ మూడు రోజులూ నాయనమ్మ వండేది, వండుతూ అనేది, అవన్నీ అమ్మ మూల కూర్చుని వినేది. దానికంటే వండుకోవడమే నయం.

ఒకరోజు పచ్చి కొబ్బరిమట్టలు అంటుకోక, పొగలో ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డ అమ్మ బయటికొచ్చి అరుగు మీద కూలబడింది. "ఏవండీ, ఒక్క మూడు రోజులు ఈ పొయ్యి మొహం చూడకుండా ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదండీ" అంది. అమ్మ నోరు తెరిచి ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదటిసారి. నాన్నగారు చలించిపోయారు. అప్పటికప్పుడు కాగితం తీసి ప్రయాణం వేసేశారు. గూడుపడవ కట్టించుకుని కాలవల మీదుగా అంతర్వేది వెళ్ళడం, స్వామి దర్శనం, సముద్రస్నానం, తిరిగి రావడం. తీర్థం అయిపోయింది కనక జనం ఉండరు, వేసవికి కాలవలు కట్టెయ్యడానికి ఇంకా టైముంది. పడవ గంటకి ఎంత దూరం నడుస్తుందో లెక్కవేసి సరిగ్గా మూడు రోజులన్నారు. ఆ లెక్కలో లాకులూ లేవు, ఎదురు నీళ్ళూ లేవు. మా నాన్నగారి లెక్కలు కాగితం మీద ఎప్పుడూ తప్పేవి కావు.

అమ్మ ముఖం వెలిగిపోయింది. దారిలో తినడానికి అటుకులు, అరటిపళ్ళు చాలనుకున్నాం. ఆ వెలుగు సాయంత్రందాకా ఉంది. సాయంత్రం నాయనమ్మ జపమాల పక్కన పెట్టి, "అంతర్వేది అంటే పుణ్యక్షేత్రం కదరా, నేనూ వస్తాను" అంది.

వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? నాయనమ్మ వస్తే నాయనమ్మ మడి వస్తుంది. మడి వస్తే మడివంట వస్తుంది. నాన్నగారు తలొంచుకుని కాగితం మీద ఇంకో వరస రాశారు: మడిమూట. అంటే అన్నం గుండిగ, పప్పుగిన్నె, గరిటెలు, అమ్మ మడిచీర, నాయనమ్మ పట్టుబట్ట, అన్నీ కలిపి కట్టిన మూట. పొయ్యికి మూడు ఇటికలు పడవ మీదే ఉంటాయిట. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారికి మజ్జిగ రెండుసార్లు అడిగితే గానీ రాలేదు.

ఇక ముహూర్తం. పడవ బుధవారానికి దొరికింది. పంచాంగం చూస్తే సోమవారం పొద్దున్న దివ్యంగా ఉంది, ఆ తరవాత పది రోజులదాకా ఏదీ లేదు. దీనికి మా వైపు ఒక ఉపాయం ఉంది. ప్రస్థానం పెట్టడం అంటారు. మంచి ముహూర్తానికి మనిషి కదలలేకపోతే, అతని సామానులో ఒకదాన్ని తీసుకెళ్ళి ఎదురింట్లో పెట్టి వస్తారు. సామాను బయల్దేరింది కనక మనిషి బయల్దేరినట్టే. తరవాత వీలున్నప్పుడు బయల్దేరి, దారిలో దాన్ని తీసుకుని పోవడమే.

"ఏం పెడదామే అమ్మా?" అన్నారు నాన్నగారు.

"ఏదో తాటాకు విసనకర్ర పెడితే చాలదురా. అది లేకపోతే కాలు కదపలేం అనేటట్టుండాలి" అని నాయనమ్మ సామానంతా కలయజూసింది. "మడిమూట పెట్టించు" అంది.

సోమవారం పొద్దున్న మూటని ఎదురింటి పిన్నిగారి దేవుడిగూటి పక్కన కొక్కేనికి తగిలించి వచ్చాం. ఆవిడా మడిలో తక్కువదేం కాదు, మూటకి ఏ లోటూ రాదు. నాన్నగారు ఇంటికి రాగానే కాగితం తీసి, మడిమూట పక్కన టిక్కు పెట్టారు. బయల్దేరిన సామాను కదా మరి.

బుధవారం తెల్లవారి రేవులో పెద్ద హడావిడి. నాన్నగారు గట్టు మీద నిలబడి కాగితం చదవడం, నేనూ పడవవాళ్ళిద్దరూ ఒక్కొక్కటే పడవలోకి చేర్చడం. టిక్కు పెట్టినదాన్ని మళ్ళీ చదవడం అంటే నాన్నగారికి తన లెక్కని తనే అనుమానించినంత అవమానం. కాబట్టి చదవలేదు. నాయనమ్మ ముందే ఎక్కి గూడు కింద తూర్పుముఖంగా కూర్చుంది. అమ్మ అందరికంటే ఆఖర్న, రేవుమెట్ల మీద ఎవరితోనో ఒక్క క్షణం మాట్లాడి వచ్చి ఎక్కింది. పడవ నడిపే సరంగు గెడ వేశాడు. ఊరు వెనక్కి వెళ్ళిపోయింది.

పొద్దు బాగా ఎక్కింది. ఒక లాకు దగ్గర తలుపులు తెరిచేదాకా పడవ ఆగినప్పుడు నాయనమ్మ, "ఏమే, వేళవుతోంది, మడి కట్టుకో" అంది.

అమ్మ లేచింది. మూటలన్నీ అటూ ఇటూ జరిపింది. చాపలు ఎత్తి చూసింది. నీళ్ళబిందెలోకి కూడా తొంగి చూసింది. అంత పెద్ద మూట బిందెలో ఎలా పడుతుందని నాకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు. ఆఖరికి, "ఏవండీ, మడిమూట ఏదండీ?" అంది.

నాన్నగారు ధీమాగా కాగితం తీశారు. "ఇదిగో, వచ్చిందిగా, టిక్కుంది" అన్నారు. తరవాత ఆ టిక్కు వైపే చూస్తూ ఉండిపోయారు. ముఖంలో రంగులు మారాయి. "సరంగూ, పడవ వెనక్కి తిప్పగలవా?" అన్నారు చిన్న గొంతుతో.

"ఆయ్, తిప్పమంటే తిప్పుతానండి మేష్టారండీ. కానైతే ఎదురు నీళ్ళండి, గట్టెక్కి తాడేసి లాక్కెళ్ళాలండి. దీపాలేళకి గానీ ఊరు చేరవండి" అన్నాడు సరంగు.

అందరం నాయనమ్మ వైపు చూశాం. పిడుగు పడుతుందని నేను చెవులు మూసుకోబోయాను. నాయనమ్మ జపమాల తిప్పుతూ, "కదిలిన ప్రయాణం వెనక్కి తిప్పుతారుట్రా ఎక్కడైనా? పోనీ" అంది. "ఈ పూటకి పళ్ళు తింటాను. ఏకాదశి అనుకుంటే సరి."

అమ్మ మాకు వీపు పెట్టి కాలవ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం, తనవల్లే తప్పు జరిగిందని ఏడుస్తోందనుకుని నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ళలో నీళ్ళున్న మాట నిజమే గానీ, అవి ఏడుపువి కావు.

అలా మొదలైంది మా విహారం. ఏ రేవులో ఆగినా నాన్నగారు గట్టెక్కి చక్రకేళి గెలో, కొబ్బరిబొండాలో, అప్పుడే పితికిన పాలో పట్టుకొచ్చేవారు. నాయనమ్మ లేతకొబ్బరి కావాలనేది, మరీ లేతగా ఉందనేది, కాస్త ముదురు తెమ్మనేది. గన్నవరం దగ్గర మా కాలవ నది మీదుగా వంతెన మీద దాటింది. కింద గోదావరి పాయ, పైన కాలవ, కాలవలో మేము. నాన్నగారు ఆ కమానుల మీద ఎంత బరువు పడుతుందో నోటిలెక్క చెప్పడం మొదలుపెట్టారు. ఇది ఇంకో సలహా: వంతెన దాటేదాకా లెక్కల మాస్టార్లని మాట్లాడనివ్వకండి. అమ్మ మాత్రం పడవ ముక్కు దగ్గర కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, కిందికి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాయనమ్మ ఉందన్న సంగతి గుర్తొచ్చి చేతులు కొంగులో దాచుకుంది.

ఆ మధ్యాహ్నం అమ్మ నిద్రపోయింది. పట్టపగలు అమ్మ పడుకోవడం నేనెన్నడూ చూడలేదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది. నాకెందుకో చాలా బెంగ వేసింది. ఇన్నేళ్ళూ అమ్మకి నిద్ర వచ్చేది కాదనుకున్నాను, వచ్చేదని ఆరోజే తెలిసింది.

గండం రాజోలులో వచ్చింది. నాన్నగారు చేసిన తప్పు దిద్దుకోవాలని తెగ ఆరాటపడి, ఊళ్ళోకి వెళ్ళి తళతళలాడే కొత్త ఇత్తడి గుండిగతో తిరిగి వచ్చారు. "అమ్మా, గుండిగ దొరికింది. చీర కాలవలో తడిపి ఆరేస్తే మడి అవుతుంది. ఇక నీకు వేడివేడి అన్నమే!" అన్నారు. అమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా గభాలున లేచి, చీర కోసం మూట విప్పడానికి వంగింది. నాన్నగారి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ గుండిగ కాలవలో పారెయ్యాలనిపించింది.

నాయనమ్మ గుండిగని ఎగాదిగా చూసింది. "ముహూర్తానికి కదిలిన గిన్నె ఒకటీ, వండే గిన్నె ఒకటీనా? ఇప్పుడు దీంట్లో వండితే ఈ పడవ ముహూర్తం లేకుండా బయల్దేరినట్టు. సముద్రం దగ్గరికి పోతూ ఎవడైనా చేసే పనేనా ఇది? తీసి లోపల పెట్టు" అంది.

శాస్త్రం అంత పకడ్బందీగా ఉంటుందని నాన్నగారికీ తెలియదు. గుండిగని చాప కింద పెట్టేశారు. కాసేపటికి నన్ను వెంటబెట్టుకుని కాఫీ హోటలుకి వెళ్ళి, మేం తిన్నాక అమ్మకి విస్తరాకులో ఇడ్లీలు కట్టించారు. అమ్మ పడవ వెనకవైపు కూర్చుని తింది. తను రుబ్బని పిండితో, తను పెట్టని పొయ్యి మీద అయిన ఇడ్లీ. "కాస్త పులుపెక్కువైంది" అంటూ నాలుగూ తింది. నాయనమ్మ అంతసేపూ రెండో గట్టు మీద ఏవో కొబ్బరిచెట్లని చాలా శ్రద్ధగా చూసింది.

అంతర్వేదిలో నాయనమ్మకి పులిహోరా దద్దోజనమూ స్వామి ప్రసాదమే. దానికి మించిన మడి ఎక్కడుంది? సముద్రం దగ్గర అమ్మ మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా కెవ్వుమని అరిచింది. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసి, "ఇలా పొద్దస్తమానం కొట్టుకుంటూనే ఉంటుందిటే? దీనికి ఒక్కరోజైనా విశ్రాంతి లేదూ?" అంది. ఆ తరవాత ఆవిడా దిగింది. నడుందాకా తడిసి, మళ్ళీ ఇంకొక్క అల అంది.

ఎదురు నీళ్ళలో వచ్చి నాలుగోరోజు ఊరు చేరాం. నాయనమ్మని ఇంట్లో దింపగానే అమ్మతో కలిసి నేనూ మూట కోసం ఎదురింటికి వెళ్ళాను. నాన్నగారూ వెనకే వచ్చి, "కాస్త గుర్తు చెయ్యవలసింది కదండీ" అన్నారు పిన్నిగారితో.

"అదేమిటండీ బావగారూ! కర్రకి తగిలించుకుని రేవుదాకా మోసుకొచ్చేను కదండీ. అక్కయ్యగారే..." అని ఆవిడ టక్కున ఆగింది. అమ్మ ఆవిడ వంక చూస్తోంది. పిన్నిగారు సర్దుకుని, "ఆయ్, వచ్చేసరికి పడవ వెళ్ళిపోయిందండీ. తప్పు నాదేనండీ" అంది. నాన్నగారు నమ్మి వెళ్ళిపోయారు. అమ్మ నా వైపు చూసి, నోటి మీద వేలు వేసుకుంది. ఆ రహస్యంలో నాకు వాటా దొరికినందుకు గాల్లో తేలిపోయాను. నాయనమ్మకి తెలిస్తే అమ్మ గతేమిటని మాత్రం రెండేళ్ళు భయపడ్డాను.

రెండేళ్ళ తరవాత నాన్నగారు మళ్ళీ పడవ ప్రయాణానికి కాగితం తీశారు. అప్పుడు నాయనమ్మ అరుగు మీద నా చేత కాళ్ళు పట్టించుకుంటోంది. నేను భయంభయంగానే, "ఈసారైనా మూట మరిచిపోకూడదు కదా నాయనమ్మా" అన్నాను.

"మరిచిపోవడమేమిటే!" అంది నాయనమ్మ కళ్ళు తెరవకుండానే. "ఆ ఎదురింటి పిచ్చిమొహంది కర్రకి కట్టి, జెండాలా ఎత్తి పట్టుకుని రేవులో నిలబడితే నాకు కనబడలేదనుకున్నావా? మీ అమ్మ దాన్ని వెనక్కి పంపెయ్యడం కూడా చూసేను. అందుకే తూర్పుముఖం పెట్టుకుని కూర్చున్నాను. మా అత్తగారు నన్ను ముప్ఫై ఏళ్ళు ఆ పొయ్యి దగ్గరనించి లేవనివ్వలేదే. సముద్రం నాలుగు ఆమడల దూరంలో పెట్టుకుని, నేను చూసింది మొన్న మీతోనే."

నేను ఒక్క పరుగున వంటింట్లోకి పోయి అమ్మకి చెప్పేశాను. అమ్మ ఊదుగొట్టం కింద పెట్టేసింది. కళ్ళు తుడుచుకుంది, పొగ వల్ల కాదు. తరవాత లేచి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది.

"అత్తయ్యగారూ, ఈసారి ప్రస్థానం ఏం పెట్టమంటారండీ?"

నాయనమ్మ అటు తిరిగి పడుకుంటూ, "మళ్ళీ అదే పెట్టు" అంది.