లేవని గుడ్డు

నిన్న సాయంత్రం హన్మకొండలో నా గదిలో కరెంటు పోయింది. సెల్‌ఫోను లైటు మీద చెయ్యి పెడితే వేళ్లు ఎర్రగా వెలిగాయి. చిన్నప్పుడు నెక్కొండలో నానమ్మ టార్చిలైటు మీద గుడ్డు పెట్టి చూపించిన ఎరుపే అది.

అప్పుడు కాన్పు కష్టమని అమ్మను వరంగల్ దవాఖానలో ముందే చేర్చారు. బాపు కూడా అక్కడే. ఇంట్లో నానమ్మా, నేనూ; ఆటకు తోడు గంపలో పొదిగే కోడి ఒక్కటే.

గుడ్డు లోపల సన్నటి ఎర్ర దారాలు, వాటి నడుమ కొట్టుకుంటున్న చుక్క.

"గదే గుండె బిడ్డా. కండ్లు, కాళ్లు ఇంక రాలే, గుండె ముందుగాల అచ్చింది," అంది నానమ్మ. "పిల్లలు లేసేదాక ఇగ ముట్టకు."

లేవడమంటే గుడ్డు పగిలి బయటికి రావడమని నాకు తెలియదు. నిద్రపోతున్నాయనుకున్నాను. రోజూ గంప పక్కన కూర్చుని, "లెవ్వు, ఆడుకుందాం," అని గుసగుసగా పిలిచేదాన్ని.

పిల్లలు లేచాయి, ఒక్క గుడ్డు తప్ప. ఆ వారమే అమ్మ ఒట్టి చేతులతో ఇంటికొచ్చింది.

"తమ్ముడేడి నానమ్మా?"

"లేవలే బిడ్డా."

కోడిపిల్లలనైతే రోజూ పిలిచాను, వాణ్ని ఒక్కసారీ పిలవలేదే అని చాలాకాలం అనుకున్నాను. పిలిచినంత మాత్రాన ఎవరూ అలా లేవరని ఇప్పుడు తెలుసు. అయినా, నిన్న కరెంటు వచ్చాక కూడా ఆ ఎరుపు చూస్తూ లైటు మీంచి చెయ్యి తీయలేదు.